ఫోను వెనక్కి, వెలుతురు దగ్గరికి: నగల ఫొటోల లెక్క

జుంకీ ఫొటో మసగ్గా వస్తే చాలామంది ఫోన్ను ఇంకాస్త దగ్గరికి జరుపుతారు. ఫొటో ఇంకా మసకబారుతుంది. వెలుతురు చాల్లేదేమోనని ఫ్లాష్ వేస్తారు. ఈసారి జుంకీ మీద తెల్లటి మచ్చ, వెనకాల నల్లటి నీడ. చివరికి ‘ఈ ఫోను కెమెరా ఇంతేలే’ అని తేల్చేస్తారు.

నిజానికి తప్పంతా రెండు దూరాల్లో ఉంది. నగకూ లెన్సుకూ మధ్య దూరం ఒకటి, నగకూ వెలుతురుకూ మధ్య దూరం ఇంకొకటి. మొదటిది పెంచాలి, రెండోది తగ్గించాలి. ఇళ్లల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ఫోన్ను నగ మీదికి వంచుతాం, దీపాన్ని పైకప్పుకే వదిలేస్తాం.

ఈ లెక్క తెలుసుకోవాల్సిన వాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి పేరు మోసిన రోల్డ్ గోల్డ్ నగలు మొదలుకొని వన్ గ్రామ్ గోల్డ్ హారాల దాకా, ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో అమ్ముతున్న ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. అమ్మకం మాట లేని వాళ్లకూ అవసరమే. బ్యాంకు లాకర్లో మనం ఏం పెట్టామో బ్యాంకు రాసుకోదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి, అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి వాటిలో బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అందులో ఏ నగ ఉండేదో చెప్పుకోవడానికి మిగిలేది మన దగ్గరున్న బిల్లు, ఫొటోలే.

ముందు మీ ఫోను లెక్క తేల్చండి

పిల్లల స్కేలు ఒకటి బల్ల మీద పెట్టండి. దానికి సరిగ్గా పైన ఫోన్ను పట్టుకుని, మెల్లగా కిందికి దించండి. ఒక చోట గీతలు అలుక్కుపోతాయి. అక్కడి నుంచి పైకి జరుపుతూ, గీతలు మళ్లీ సూదిమొనల్లా కనబడిన చోట ఆగండి. అదే మీ ఫోను కనీస ఫోకస్ దూరం. అంతకంటే దగ్గరికి వెళితే ఏ సెట్టింగు మార్చినా స్పష్టత రాదు. లెన్సు కదలగలిగేది అంతవరకే.

ఇప్పుడు ఫొటో తీసి, నిలువుటంచు నుంచి నిలువుటంచుకు స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు కనబడుతున్నాయో చూడండి. ఫొటో వెడల్పులో ఉన్న పిక్సెళ్లను ఆ సంఖ్యతో భాగిస్తే, ఒక్కో మిల్లీమీటరు నగకు ఎన్ని పిక్సెళ్లు దక్కుతున్నాయో తెలుస్తుంది. మిగతా కథంతా ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు, మామూలు మెయిన్ కెమెరా 15 సెం.మీ. దగ్గర ఫోకస్ అవుతుందనుకుందాం. అక్కడ దానికి సుమారు 208 మి.మీ. వెడల్పు కనబడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4,000 పిక్సెళ్లు. అంటే మిల్లీమీటరుకు 19. రెండు సెంటీమీటర్ల ఉంగరానికి వచ్చేది 385 పిక్సెళ్లు. పద్దెనిమిది సెంటీమీటర్ల హారానికి 3,400 పైచిలుకు.

ఎంత ఉంటే చాలు? అమెజాన్ నియమాన్ని కొలమానంగా తీసుకోవచ్చు. ప్రధాన చిత్రంలో వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, జూమ్ చేసి చూడాలంటే పొడవైన వైపు కనీసం 1,000 పిక్సెళ్లుండాలి. అంటే నగకు 850 పిక్సెళ్లు కావాలి. ఆ లెక్కన:

- 18 సెం.మీ. హారానికి మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లు చాలు
- 4 సెం.మీ. బుట్టకమ్మకు 21
- 2 సెం.మీ. ఉంగరానికి 43
- 5 మి.మీ. ముక్కుపుడకకు 170

ఈ నాలుగు వరసలు చూస్తే ఒక విషయం తేలిపోతుంది. హారం, వడ్డాణం, గాజులు, బుట్టకమ్మల కోసం ఫోన్ను నగ మీద పడేయాల్సిన పనే లేదు. మెయిన్ కెమెరా 15 సెం.మీ. దూరం నుంచే బుట్టకమ్మకు దాదాపు సరిపడా, మిగతావాటికి సరిపడినదానికి మించి, వివరాన్ని పట్టేస్తుంది. ఫొటో తీశాక క్రాప్ చేసుకుంటే సరి. ఉంగరం దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. 50 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోనైతే పూర్తి రిజల్యూషన్ మోడ్ పెట్టి అదే దూరం నుంచి తీయండి. వెడల్పు 8,000 పిక్సెళ్లు దాటుతుంది, మిల్లీమీటరుకు 39 దాకా వస్తాయి. వెలుతురు బాగుంటే దాదాపు సరిపోతుంది. నిజంగా మ్యాక్రో, అంటే అతి దగ్గరి నుంచి తీసే పద్ధతి, కావాల్సింది ముక్కుపుడకకూ, రాయి కుదురుకూ, హాల్‌మార్కుకూ మాత్రమే.

తెర మీద రెండు వేళ్లతో లాగే డిజిటల్ జూమ్ కొత్త వివరమేదీ తేదు. ఉన్న పిక్సెళ్లనే సాగదీస్తుంది. టెలిఫొటో లెన్సు వేరుగా ఉన్న ఫోన్లలోనూ ఒక మెలిక ఉంది. ఆ లెన్సుల కనీస ఫోకస్ దూరం చాలాసార్లు అర మీటరు దాటుతుంది. దాంతో దగ్గరి వస్తువుల విషయంలో లాభం పెద్దగా ఉండదు. మీ ఫోను సంగతేమిటో స్కేలు పరీక్ష చెప్పేస్తుంది.

ఖరీదైన ఫోనే ఎందుకు మసక?

‘పాత ఫోనులోనే నయం, కొత్తదాంట్లో దగ్గరివి మసగ్గా వస్తున్నాయి’ అనే ఫిర్యాదు అబద్ధం కాదు. సెన్సరు పెద్దదయ్యే కొద్దీ కనీస ఫోకస్ దూరం పెరుగుతుంది. కొన్ని ఖరీదైన ఫోన్ల మెయిన్ కెమెరా 20 సెం.మీ. దాటితేనే ఫోకస్ అవుతుంది. ఈ లోటు పూడ్చడానికి కంపెనీలు అల్ట్రావైడ్ లెన్సుకు మ్యాక్రో పని అప్పగించాయి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఇలాగే 2 సెం.మీ. దూరం నుంచి ఫోకస్ చేస్తుంది. ఫోన్ను దగ్గరికి తెస్తున్నప్పుడు తెర మీద బొమ్మ ఒక్కసారి గెంతినట్టయితే, కెమెరా మారిందన్నమాట.

2 సెం.మీ. దగ్గర వివరం నిజంగానే పెరుగుతుంది. మూల్యం మాత్రం ఆకారం చెల్లిస్తుంది. రెండు సెంటీమీటర్ల లోతున్న జుంకీని 2 సెం.మీ. నుంచి తీస్తే ముందు వైపు లెన్సుకు 2 సెం.మీ., వెనక వైపు 4 సెం.మీ. దూరంలో ఉంటాయి. ముందున్న పూస వెనకున్న పూస కంటే సరిగ్గా రెండింతలు కనబడుతుంది. అదే జుంకీని 20 సెం.మీ. నుంచి తీస్తే తేడా 10 శాతం. 40 సెం.మీ. నుంచి తీస్తే 5 శాతం. కొన్నావిడ ‘ఫొటోలో బుట్ట పెద్దగా ఉంది, ఇంటికొచ్చింది చిన్నది’ అంటే అందులో మోసం ఉండక్కర్లేదు, ఆ రెండు సెంటీమీటర్లే చాలు.

ఇంకో నష్టం నీడ. ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న ఫోను నగకు 2 సెం.మీ. పైన ఉంటే, వచ్చే వెలుతురును తానే అడ్డుకుంటుంది. అందుకే నగ మొత్తాన్ని తీసేటప్పుడు ఆటో మ్యాక్రో ఆపేయండి. తక్కువ ధర ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా ఫొటో 1,600 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది. అదే ఫోను మెయిన్ కెమెరాతో తీసి క్రాప్ చేసిన ఫొటో దానికంటే చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. రెండూ తీసి పోల్చుకోండి.

సగం స్పష్టం, సగం మసక

పతకం మీది లక్ష్మీదేవి ముఖం చక్కగా వచ్చి, చుట్టూ ఉన్న గుట్టపూసలు మసకబారాయంటే అది లోతు సమస్య. ఏ లెన్సయినా ఒక్క దూరానికే కచ్చితంగా ఫోకస్ అవుతుంది. దానికి అటూ ఇటూ కొంత మేరే కంటికి స్పష్టంగా కనబడుతుంది. పెద్ద సెన్సరున్న ఫోనులో 15 సెం.మీ. దగ్గర ఆ మేర సుమారు 8 మి.మీ. దూరాన్ని రెట్టింపు చేసి 30 సెం.మీ. నుంచి తీస్తే అది దాదాపు నాలుగు రెట్లవుతుంది. మొదటి ఫొటో అంత సైజుకు క్రాప్ చేసినా రెట్టింపు లోతు చేతిలో మిగులుతుంది. వెనక్కి జరగమనడానికి ఇది రెండో కారణం.

ఖర్చు లేని ఉపాయం ఇంకొకటి ఉంది: వాలు తగ్గించడం. పది సెంటీమీటర్ల పతకాన్ని 45 డిగ్రీల ఏటవాలుగా చూస్తే దాని దగ్గరి అంచుకూ దూరపు అంచుకూ మధ్య 7 సెం.మీ. లోతు తేడా వస్తుంది. ఏ ఫోనూ మోయలేని లోతు అది. కేవలం 10 డిగ్రీల వాలున్నా 17 మి.మీ. తేడా ఉంటుంది. సరిగ్గా పైనుంచి, నగకు సమాంతరంగా పట్టుకుంటే, మిగిలేది నగ మందం మాత్రమే. చాలా కెమెరా యాప్‌లలో గ్రిడ్ లేదా లెవెల్ పెట్టుకుంటే, ఫోను నేలకు సమాంతరంగా ఉందో లేదో తెర మీదే తెలుస్తుంది.

డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ వాడేవాళ్లకు లెక్క ఇంకా కఠినం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో నగ సెన్సరు మీద అసలు సైజులో పడేలా, అంటే 1:1లో, ఎఫ్/8 పెట్టి తీస్తే దక్కే లోతు 1 మి.మీ.కు కాస్త తక్కువ. సగం సైజులో తీస్తే సుమారు 3 మి.మీ. లోతు కోసం ఎఫ్/22కు వెళ్లాలన్న ఆశ పుడుతుంది. వెళ్లకండి. 1:1 దగ్గర ఎఫ్/22 నిజానికి ఎఫ్/44లా పనిచేస్తుంది. అంత సన్నని రంధ్రం గుండా వచ్చిన కాంతి చెదిరి, ఒక చుక్క సెన్సరు మీద 0.06 మి.మీ. మచ్చగా పరచుకుంటుంది. 24 మెగాపిక్సెల్ సెన్సరులో పిక్సెల్ వెడల్పు 0.006 మి.మీ. అంటే ఒక్క చుక్క పది పిక్సెళ్లను పాడుచేస్తుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండి, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పలు ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపడం మేలు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. మ్యాక్రో లెన్సు లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ చౌక దారి. 50 మి.మీ. లెన్సు వెనక 25 మి.మీ. ట్యూబ్ పెడితే సగం సైజు మాగ్నిఫికేషన్ వస్తుంది.

వెలుతురు ఎంత పెద్దది?

ఇక రెండో దూరం. మెరుగు పెట్టిన బంగారం అద్దమే. దాన్ని ఫొటో తీయడమంటే, దానిలో ప్రతిబింబించే గదిని ఫొటో తీయడం. గుండ్రటి బంగారు గుండులో మీ ఫోను, మీ చెయ్యి, మీరు కట్టుకున్న చీర రంగు కూడా ఉంటాయి. అందుకే వెలుతురు ఎంత ప్రకాశంగా ఉందన్నది కాదు, నగ వైపు నుంచి చూస్తే అది ఎంత పెద్దగా కనబడుతుందన్నది ముఖ్యం. ఆ పెద్దరికాన్ని డిగ్రీలలో కొలవొచ్చు.

- ఫోను ఫ్లాష్, 15 సెం.మీ. దూరంలో: సుమారు ఒకటిన్నర డిగ్రీ
- నేరుగా పడే సూర్యుడు: అర డిగ్రీ
- పైకప్పు దగ్గర, 2 మీటర్ల ఎత్తున నాలుగడుగుల ట్యూబ్‌లైటు: పొడవు 33 డిగ్రీలు, మందం ఒక డిగ్రీ కూడా లేదు
- 90 సెం.మీ. వెడల్పు కిటికీ, 3 మీటర్ల దూరంలో: 17 డిగ్రీలు
- అదే కిటికీ, 60 సెం.మీ. దూరంలో: 74 డిగ్రీలు

ఫ్లాష్ వేస్తే తెల్లమచ్చ ఎందుకొస్తుందో, ప్రతి గాజు మీదా ట్యూబ్‌లైటు తెల్లగీతలా ఎందుకు కనబడుతుందో ఈ పట్టికే చెబుతుంది. ఎర్రటి ఎండలో తీసినా ఫ్లాష్ ఫలితమే వస్తుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన నగకు కనబడేది అర డిగ్రీ చుక్కే. మబ్బు పట్టిన రోజున మాత్రం ఆకాశమంతా దీపమవుతుంది.

కాబట్టి బల్లను కిటికీకి రెండడుగుల్లోకి జరపండి. ఎండ నేరుగా పడుతుంటే పాత తెల్లపంచె అడ్డంగా కట్టండి. కిటికీకి ఎదురువైపున తెల్లటి థర్మకోల్ షీటో, చార్టు పేపరో నిలబెట్టండి. నీడ వైపు నల్లబడకుండా అది వెలుతురును తిప్పి పంపుతుంది.

రాత్రిపూట తీయాల్సి వస్తే టేబుల్ ల్యాంపు చాలు. దాన్ని నేరుగా నగ మీద వేయకండి. నగకు 15 సెం.మీ. దూరంలో ఏ3 సైజు ట్రేసింగ్ పేపరు నిలబెట్టి, దాని వెనక అడుగు దూరంలో ల్యాంపు పెట్టండి. కాగితం అంతా సమంగా వెలగాలి. 42 సెం.మీ. పొడవున్న ఆ కాగితం 15 సెం.మీ. దూరం నుంచి నగకు 109 డిగ్రీల దీపంలా కనబడుతుంది. రెండడుగుల దూరంలోని కిటికీని కూడా మించిపోయింది. వందల రూపాయల బల్బు చేయలేనిది దగ్గరికి జరిపిన కాగితం చేసింది.

నాలుగు వైపులా తెల్లకాగితం చుట్టేస్తే ఇంకా బాగుంటుందా? ఉండదు. అద్దం చుట్టూ అంతా తెలుపే ఉంటే బంగారం పాలిపోయి పసుపు రంగు ప్లాస్టిక్కులా కనబడుతుంది. ఒంపు తెలియడానికి ఎక్కడో ఒక నల్లగీత కావాలి. రెండు సెంటీమీటర్ల వెడల్పున నల్ల చార్టు ముక్క కత్తిరించి, ఫ్రేములో పడకుండా నగకు పక్కగా పెట్టండి. గాజు అంచు వెంట సన్నటి నల్లరేఖ పడి గుండ్రదనం తేలుతుంది. వెండికి ఇది మరీ అవసరం. కరీంనగర్ ఫిలిగ్రీ తీగపనిని తెల్లకాగితం మీద, తెల్లటి వెలుతురులో తీస్తే తీగలన్నీ కాగితంలో కలిసిపోతాయి. ముదురు రంగు గుడ్డ మీద పెడితే ఒక్కో తీగా లెక్కపెట్టొచ్చు.

నక్షీ పనికి వెలుతురు వచ్చే కోణం కూడా చూసుకోవాలి. ఒక మిల్లీమీటరు ఉబ్బెత్తు ఉన్న బొమ్మ మీద వెలుతురు 60 డిగ్రీల ఎత్తు నుంచి పడితే నీడ 0.6 మి.మీ. మాత్రమే. అదే 15 డిగ్రీల వాలు నుంచి పడితే 3.7 మి.మీ. కాసులపేరులో ఒక్కో కాసు మీది లక్ష్మి బొమ్మ పైనుంచి పడే వెలుతురులో చదునుగా, పక్కనుంచి పడే వెలుతురులో చెక్కినట్టు కనబడడానికి కారణం ఇదే. కిటికీ బల్ల ఎత్తులో, పక్కగా ఉంటే మంచిదనేది అందుకే.

బంగారం ఎందుకు తెల్లబోతుంది?

రంగు దగ్గర రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది దీపాలను కలపడం. దీపాల రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు బల్బు 2,700 కెల్విన్ల దగ్గర ఎర్రగా, పగటి వెలుతురు 5,500 దగ్గర తెల్లగా, మన ఇళ్లలోని కూల్ డేలైట్ ఎల్‌ఈడీ ట్యూబు 6,500 దగ్గర నీలంగా ఉంటాయి. కెమెరా ఒక్క దీపానికే వైట్ బ్యాలెన్స్ సరిచేయగలదు. కిటికీ వెలుతురులో తీస్తూ ట్యూబ్‌లైటు వెలిగించి ఉంచితే హారానికి ఒకవైపు బంగారం, మరోవైపు ఇత్తడి కనబడతాయి. ఒకటే వెలుతురు ఉంచి మిగతావన్నీ ఆర్పేయండి. ఎల్‌ఈడీ కొంటే పెట్టె మీద సీఆర్ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది చూడండి. తక్కువ సీఆర్ఐ దీపాల్లో కెంపుల ఎరుపు వెలవెలబోతుంది.

రెండో తప్పు ఎక్స్‌పోజర్. బంగారం ఎరుపు కాంతిని 95 శాతానికి పైగా తిప్పి పంపుతుంది, నీలాన్ని 40 శాతం దాకానే. ఆ తేడాయే దాని రంగు. డిజిటల్ ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ గరిష్ఠ అంకె 255. వెబ్ పేజీల్లో ‘గోల్డ్’ అనే రంగుకు ఖాయం చేసిన అంకెలు 255, 215, 0. ఎరుపు అప్పటికే అంచు తాకింది చూడండి. ఇంకాస్త వెలుతురు పెంచితే ఎరుపు పెరగలేదు, ఆకుపచ్చ మాత్రం పెరిగి దాన్ని అందుకుంటుంది. బంగారం నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. ఆపైన నీలం కూడా పెరిగితే తెల్లమచ్చే.

దీనికి మందు సులభం. తెర మీద నగను తాకి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. అంకెల్లో చెప్పాలంటే మైనస్ 0.3 నుంచి మైనస్ 0.7 దాకా. కాస్త ముదురుగా వచ్చిన ఫొటోను తర్వాత వెలిగించుకోవచ్చు. 255 దాటి పోయిన వివరాన్ని ఏ యాపూ తిరిగి తేలేదు.

తెల్ల కాగితం మీద తీసేటప్పుడు చిక్కు వస్తుంది. కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ సుమారు 18 శాతం బూడిద రంగుగా ఊహించుకుంటుంది. అందువల్ల తెల్లకాగితం మడ్డిగా వస్తుంది. దాన్ని తెల్లగా చేయాలని ఎక్స్‌పోజర్ పెంచితే బంగారం తెల్లబోతుంది. బంగారానికే ఓటు వేయండి. అమ్మకపు సైట్లకు తప్పనిసరిగా 255, 255, 255 తెలుపే కావాలంటే బ్యాక్‌గ్రౌండును తర్వాత మార్చుకోవచ్చు. మామూలు అవసరాలకు లేత బూడిద, లేత గోధుమ రంగు కాగితం హాయి. జరీ చీర మీద నగ పెట్టి తీయడం మన అలవాటే గానీ, జరీ కూడా మెరిసే లోహమే కాబట్టి కన్ను దేన్ని చూడాలో తేల్చుకోలేదు.

రాళ్ల దారి వేరు, ముత్యాల దారి వేరు

బంగారానికి పనికొచ్చిన పెద్ద వెలుతురు రవ్వలకు పనికిరాదు. రవ్వ మెరవాలంటే చిన్న దీపం కావాలి. కాగితం వెలుతురు అలాగే ఉంచి, అర మీటరు దూరం నుంచి చిన్న ఎల్‌ఈడీ టార్చి ఒకటి రాళ్ల మీద వేసి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ మెరుపు తగిలిన క్షణాన నొక్కండి.

కెంపులు, పచ్చల మీద తెల్లటి పొర కనబడి లోపలి రంగు దాగిపోతే పోలరైజర్ ఫిల్టరు పనికొస్తుంది. గాజు తన మీద నిట్టనిలువుగా పడిన కాంతిలో 4 శాతాన్ని, కెంపు సుమారు 8 శాతాన్ని, వజ్రం 17 శాతాన్ని పైపొర నుంచే తిప్పి పంపుతాయి. ఏటవాలుగా, 55, 60 డిగ్రీల కోణంలో చూసినప్పుడు పోలరైజర్ ఈ పైమెరుపును బాగా కోస్తుంది. అయితే లోహం మెరుపు మీద అది పనిచేయదు. బంగారం మీది మచ్చను ఫిల్టరుతో పోగొట్టాలనుకోవడం వృథా, దానికి కాగితమే శరణ్యం.

ముత్యానికి ఒక్క మెరుపు చాలు. ఒకే కిటికీ పక్కన పెడితే ప్రతి ముత్యం మీదా ఒక మెత్తటి వెలుగు మచ్చ పడి గుండ్రదనం తెలుస్తుంది. రెండు మూడు దీపాలు పెడితే ఒక్కో ముత్యం మీద రెండు మూడు మచ్చలు పడి దండంతా గజిబిజి అవుతుంది.

చేతి వణుకు, దీపం వణుకు

మిల్లీమీటరుకు 19 పిక్సెళ్లు వచ్చే దూరంలో, షట్టర్ తెరిచి ఉన్నప్పుడు చెయ్యి 0.1 మి.మీ. కదిలితే రెండు పిక్సెళ్లు అలుక్కుపోతాయి. 2 సెం.మీ. మ్యాక్రోలో మిల్లీమీటరుకు 70 దాకా పిక్సెళ్లు వస్తే, అదే వెంట్రుకవాసి కదలిక ఏడు పిక్సెళ్లను పాడుచేస్తుంది. చేత్తో పట్టుకుని మ్యాక్రో తీయడం ఎందుకు కుదరదో ఇంతకంటే వివరించక్కర్లేదు.

ట్రైపాడ్ లేకపోతే సమాన ఎత్తున్న రెండు పుస్తకాల దొంతరలు చాలు. వాటి మీద వంతెనలా ఫోను పెట్టి, లెన్సు మధ్య ఖాళీలోకి చూసేలా సర్దండి. కింద నగ, మధ్యలో 20 సెం.మీ. ఎత్తు, పక్కనుంచి కిటికీ వెలుతురు. తెర తాకినప్పుడు కూడా ఫోను కదులుతుంది గనక 2 లేదా 3 సెకన్ల టైమరు పెట్టండి. ఐఎస్ఓ 100 దగ్గర ఉంచితే గరుకుదనం రాదు. ఫోను కదలట్లేదు కాబట్టి షట్టర్ ఎంత నెమ్మదైనా ఫరవాలేదు.

ఫొటోలో అడ్డచారలు పడితే దోషం దీపానిది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే ప్రతి వరసకూ సమంగా వెలుతురు పడి చారలు మాయమవుతాయి.

హాల్‌మార్కు చదవగలిగేలా

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నిటికీ అసలు పరీక్ష హాల్‌మార్కు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మే హాల్‌మార్కు బంగారు నగల మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత అంకె (22 క్యారెట్లయితే 22కే916), ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. ఆ ఆరూ స్పష్టంగా ఫొటోలో ఉంటే, బీఐఎస్ కేర్ యాప్‌లో ఎప్పుడు కావాలన్నా కొట్టి చూసుకోవచ్చు.

ఒక్కో అక్షరం ఎత్తు అర మిల్లీమీటరు అనుకుందాం. మెయిన్ కెమెరా లెక్కలో దానికి దక్కేది తొమ్మిది, పది పిక్సెళ్లు. 8 అంకెకూ బి అక్షరానికీ తేడా తెలియని స్థితి. ఇక్కడ కంసాలి వాడే 10ఎక్స్ భూతద్దం ఆదుకుంటుంది. దాని నాభ్యంతరం 25 మి.మీ. దాన్ని మెయిన్ కెమెరా లెన్సుకు ఆనించి పెట్టి, నగను 25 మి.మీ. దూరంలో ఉంచితే, ఫ్రేము వెడల్పులో కనబడేది 35 మి.మీ. మాత్రమే. మిల్లీమీటరుకు 114 పిక్సెళ్లు. అర మిల్లీమీటరు అక్షరానికి 57. హాయిగా చదవొచ్చు. అంచులు అలుక్కుంటాయి కాబట్టి ముద్రను ఫ్రేము మధ్యలో ఉంచండి. ఈ దూరంలో ఫోకస్ బటన్ కన్నా నగను అర మిల్లీమీటరు చొప్పున జరపడమే తేలిక. ఉంగరం కింద మైనం ముద్ద పెడితే కావాల్సిన వాలులో నిలబడుతుంది.

చెక్కిన అక్షరం కాబట్టి వెలుతురు నక్షీ పనికి వేసినట్టే పక్కనుంచి, బాగా వాలుగా పడాలి. అక్షరం నల్లగా, చుట్టూ బంగారం వెలుగుతూ కనబడే కోణం ఒకటుంటుంది. ట్రేసింగ్ పేపరును మెల్లగా జరుపుతూ పోతే అది దొరుకుతుంది.

తీసే ముందు తుడవండి, పంపే ముందు చూడండి

లెన్సు మీది వేలిముద్ర మసకకు అన్నిటికంటే మామూలు కారణం. మెత్తటి గుడ్డతో తుడిస్తే అయిపోతుంది. నగ మీది దుమ్ము కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. 0.07 మి.మీ. వెంట్రుక మ్యాక్రోలో ఐదు పిక్సెళ్ల తాడవుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, గుడ్డతో పట్టుకుని సర్దండి. కుంకుడు రసంలో ముంచి కడగడం సాదా బంగారానికి సరే. రాళ్ల వెనక రేకు పెట్టి మూసిన కుందన్, పచ్చి పనికి నీళ్లు తగలనివ్వకండి, తడి లోపలికి పోతే రేకు నల్లబడుతుంది. పట్టుదారంతో గుచ్చిన ముత్యాలనూ నానబెట్టకూడదు.

సైజు తెలియాలంటే ఒక ఫొటోలో పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మి.మీ. రంగును మాత్రం మీ ఇష్టానికి పెంచకండి. వన్ గ్రామ్ గోల్డ్‌ను 22 క్యారెట్లలా మెరిపిస్తే, డబ్బా విప్పిన మర్నాడే అది తిరిగొస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. హెచ్‌డీగా గానీ, డాక్యుమెంటుగా గానీ పంపండి. డాక్యుమెంటుగా పంపితే ఒక జాగ్రత్త అవసరం. ఫోను లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసిన ఫొటోలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి, డాక్యుమెంటుతో పాటు అవీ వెళ్లిపోతాయి. ఇంట్లో ఉన్న నగల ఫొటోతో పాటు ఇంటి అడ్రసు కూడా పంపినట్టే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆపేశాకే నగ బయటికి తీయండి.

ఒక్క చూపులో

- నగ మొత్తం తీసేటప్పుడు దూరం: 15 నుంచి 30 సెం.మీ., మ్యాక్రో ఆఫ్, తర్వాత క్రాప్
- కిటికీ దూరం: 60 సెం.మీ.లోపు, ట్రేసింగ్ పేపరు దూరం: 15 సెం.మీ.
- ఎక్స్‌పోజర్: మైనస్ 0.3 నుంచి మైనస్ 0.7
- టైమరు: 2 లేదా 3 సెకన్లు, ఐఎస్ఓ: 100
- చారలొస్తే షట్టర్: 1/50 లేదా 1/100
- ఫ్లాష్: ఎప్పుడూ వద్దు
- హాల్‌మార్కుకు: 10ఎక్స్ భూతద్దం, 25 మి.మీ. దూరం, పక్కవాటు వెలుతురు
- కొనాల్సినవి: ఒక ట్రేసింగ్ పేపరు, తెల్లదీ నల్లదీ రెండు చార్టులు. వీటితో ఫొటో కుదరకపోతేనే కొత్త ఫోను మాట ఎత్తండి.